సైకిల్ బాట బడి దాకా సాగితేనే ఆరోగ్యం

చెరువు కట్ట మీది దారి విహారానికి.. నిత్య ప్రయాణాల దారి దేహానికి

సిద్దిపేట: తెల్లవారక ముందే కోమటి చెరువు కట్ట మేల్కొంటుంది. నడిచేవారు, పరుగెత్తేవారు, సైకిల్ తొక్కేవారు ఒక్కొక్కరుగా చేరుకుంటారు. ఎండ ఎక్కే సరికి వారంతా ఇళ్లకు మళ్లుతారు. ఆ తరువాత పట్టణ వీధుల్లో మరో రకం సైకిళ్లు కనిపిస్తాయి. వీపున బరువైన సంచులతో బడికి బయలుదేరిన పిల్లలు, క్యాన్లు తగిలించుకున్న పాలవాళ్లు, పనిముట్ల సంచితో కూలికి వెళ్లేవారు బస్సులు, ఆటోలు, లారీలకు ఒదిగి ఒదిగి సాగిపోతారు. పొద్దున కట్టపై తొక్కేవారికి ప్రశాంతమైన దారి ఉంది. బడికి, పనికి వెళ్లేవారికి రోడ్డు అంచే దారి. సైకిల్ బాటలు వేస్తే ప్రజల ఆరోగ్యం మెరుగుపడుతుందా అన్న ప్రశ్నకు సమాధానం ఈ వ్యత్యాసంలోనే ఉంది.

గత రెండు దశాబ్దాలలో మన దేశంలోనూ, విదేశాలలోనూ జరిగిన పరిశోధనలు ఒకే విషయాన్ని పలు రకాలుగా తేల్చాయి. బాట ఎంత అందంగా ఉందన్నది కాదు, ఇంటికి ఎంత దగ్గరగా ఉంది, ఎక్కడికి చేరుస్తుంది అన్నవే ముఖ్యం. విహార స్థలంలో వేసిన బాట అప్పటికే వ్యాయామం అలవాటున్న వారికి మరింత వీలు కల్పిస్తుంది. బడికి, బజారుకు, బస్టాండుకు చేర్చే బాట మాత్రం వ్యాయామం అన్న మాటే ఎరుగని వారి దేహాన్ని కూడా కదిలిస్తుంది.

కూర్చునే పనులు.. కదలని దేహాలు

శారీరక శ్రమ తగ్గడం నగరాలకే పరిమితమైన సమస్య అనుకునే రోజులు పోయాయి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన అంచనా ప్రకారం 2022 నాటికి భారతదేశంలోని వయోజనుల్లో 49.4 శాతం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. మహిళల్లో ఇది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. 2000 సంవత్సరంలో దేశం మొత్తం మీద ఈ సంఖ్య 22 శాతం మాత్రమే. అంటే రెండు దశాబ్దాలు తిరిగేసరికి రెట్టింపు దాటింది.

దాని ఫలితం ఆసుపత్రుల ముందు వరుసల్లో కనిపిస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే వివరాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బాధపడుతున్నారని, వయోజనుల్లో 35.5 శాతం మందికి రక్తపోటు ఉందని ఆ సర్వే తేల్చింది.

సిద్దిపేట ప్రాంతానికి ఈ లెక్కలు దూరం కావు. ఇక్కడి పల్లెల్లో, పట్టణ పేటల్లో ఎందరో మహిళలకు బీడీలు చుట్టడమే జీవనాధారం. ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి వంగి కూర్చోవడమే ఆ పని. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన గొల్లభామ చీరలను నేసే కార్మికులదీ మగ్గం ముందు కూర్చునే పనే. చేతులు, పాదాలు ఆడుతూనే ఉంటాయి కానీ దేహం కూర్చున్న చోటు నుంచి కదలదు. పొలంలో కాడెడ్ల వెనుక నడిచిన రోజులు పోయి ట్రాక్టరు వచ్చింది. దుకాణాలు, కార్యాలయాలు, బడుల్లో పనిచేసేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఒళ్లు అలసిపోతోంది, కానీ గుండెకు, ఊపిరితిత్తులకు అందవలసిన వ్యాయామం అందడం లేదు.

3 కిలోమీటర్లు.. 150 నిమిషాలు

వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మధ్యస్థాయి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన మార్గదర్శకాల్లో సూచించింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అవసరమని పేర్కొంది. ఒకేసారి కనీసం 10 నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని కూడా తొలగించింది. కొద్దికొద్దిగా చేసిన శ్రమ కూడా దేహానికి మేలే అన్నది తాజా అవగాహన.

మధ్యస్థాయి శ్రమను కొలవడానికి యంత్రాలు అక్కరలేదు. సైకిల్ తొక్కుతున్నప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

ఇక లెక్క సులభం. గంటకు 12 కిలోమీటర్ల నింపాదైన వేగంతో తొక్కినా 3 కిలోమీటర్ల దూరానికి 15 నిమిషాలు చాలు. వెళ్లి రావడానికి 30 నిమిషాలు. వారంలో అయిదు రోజులు వెళితే 150 నిమిషాలు. అంటే ఇంటికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న పని చోటికి సైకిల్‌పై వెళ్లి వచ్చే వ్యక్తి వ్యాయామానికి వేరుగా సమయం కేటాయించకుండానే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస హద్దును అందుకుంటాడు. జిమ్ రుసుము లేదు. పొద్దున్నే లేవలేదన్న చింత లేదు.

తొక్కేటప్పుడు తొడ, పిక్కల కండరాలు రక్తంలోని చక్కెరను ఇంధనంగా వాడుకుంటాయి. దేహంలో పెద్ద కండరాలు అవే కనుక వాడకమూ ఎక్కువే. క్రమం తప్పకుండా చేస్తే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. రక్తనాళాలు సాగే గుణాన్ని నిలుపుకుంటాయి, రక్తపోటు అదుపులోకి వస్తుంది. దేహ బరువును సీటు మోస్తుంది కాబట్టి నడక, పరుగులతో పోలిస్తే మోకాళ్లపై భారం తక్కువ. బరువెక్కిన వారికి, మోకాళ్ల నొప్పులు మొదలైన వారికి సైకిల్ అనుకూలించడానికి కారణమిదే.

హైదరాబాద్ కార్మికులు చెప్పిన పాఠం

ఇవన్నీ చల్లని దేశాల సంగతులు, మన ఎండకు, మన తిండికి వర్తిస్తాయా అన్న సందేహం సహజం. దానికి సమాధానం మన రాష్ట్ర రాజధాని నుంచే లభించింది. హైదరాబాద్, బెంగళూరు, నాగ్‌పూర్, లక్నో నగరాల్లోని కర్మాగారాల కార్మికులు, వారి జీవిత భాగస్వాములు, పల్లెల్లో ఉండిపోయిన వారి తోబుట్టువులతో జరిపిన అధ్యయనంలో పనికి వెళ్లే 3,902 మంది ఏ వాహనంపై వెళుతున్నారో, వారి బరువు, రక్తపోటు, చక్కెర స్థాయి ఎలా ఉన్నాయో పరిశీలించారు. ఆ ఫలితాలు 2013లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వెలువడ్డాయి.

సొంత మోటారు వాహనాలపై పనికి వెళ్లేవారిలో సగం మంది అధిక బరువుతో ఉన్నారు. బస్సులు, రైళ్లలో వెళ్లేవారిలో 38 శాతం మంది అలా ఉన్నారు. సైకిల్‌పై వెళ్లేవారిలో మాత్రం 24 శాతం మందే. వయసు, ఆదాయం వంటి తేడాలను సరిచూసిన తరువాత కూడా సొంత మోటారు వాహనదారులతో పోలిస్తే సైకిల్‌పై వెళ్లేవారిలో రక్తపోటు దాదాపు సగానికి, మధుమేహం మూడో వంతుకు పైగా తక్కువగా కనిపించాయి.

అదే అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. పల్లెవాసుల్లో 68 శాతం మంది సైకిల్‌పై పనికి వెళుతుండగా, నగరాల్లో ఆ సంఖ్య 16 శాతమే. ఒకే తల్లి కడుపున పుట్టిన వారే అయినా పట్టణానికి చేరినవారు సైకిల్ దిగారు.

ఇటువంటి అధ్యయనాలను జాగ్రత్తగా చదవాలి. ఆరోగ్యంగా ఉన్నవారే సైకిల్ ఎక్కుతున్నారా, సైకిల్ ఎక్కినందుకే ఆరోగ్యంగా ఉన్నారా అన్నది ఒక్కసారి చేసిన పరీక్షతో తేలదు. అందుకే ఏళ్ల తరబడి సాగిన పరిశీలనలకు విలువ ఎక్కువ. బ్రిటన్‌లో 2 లక్షల 63 వేల మందిని గమనించి 2017లో వెలువరించిన అధ్యయనం సైకిల్‌పై పనికి వెళ్లేవారిలో అకాల మరణాల ముప్పు 41 శాతం తక్కువని తెలిపింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో సుమారు 30 వేల మందిపై జరిగిన పరిశీలన కూడా 2000లోనే ఇదే దిశగా ఫలితం చూపింది.

బాట వేస్తే తొక్కుతారా?

సైకిల్ తొక్కితే మేలు అన్నది ఒక సంగతి. బాట వేస్తే జనం తొక్కుతారా అన్నది మరో సంగతి. రెండో ప్రశ్నకు సమాధానం వెతకడానికి బ్రిటన్ పరిశోధకులు కార్డిఫ్, కెనిల్‌వర్త్, సౌతాంప్టన్ పట్టణాలను ఎంచుకున్నారు. మొదటి చోట పాదచారులు, సైకిల్‌దారుల కోసం నదిపై వంతెన కట్టారు. రెండో చోట రద్దీ రహదారిని దాటేందుకు వంతెన వేశారు. మూడో చోట నది ఒడ్డున కాలిబాటను బాగు చేశారు. నిర్మాణానికి ముందు, తరువాత స్థానికుల నడక, సైకిల్ ప్రయాణాల సమయాన్ని లెక్కగట్టారు.

తొలి ఏడాది గడిచాక చూస్తే మొత్తం శారీరక శ్రమలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. బాట వాడినవారిలో ఎక్కువ మంది విహారానికి నడిచినవారే. ఆ దశలోనే ఆపి ఉంటే డబ్బు వృథా అయిందన్న ముగింపుకు వచ్చేవారు. రెండో ఏడాది తరువాత దృశ్యం మారింది. బాటకు ఒక్కో కిలోమీటరు దగ్గరగా నివసించే కొద్దీ వారానికి సుమారు 15 నిమిషాల చొప్పున నడక, సైకిల్ సమయం పెరిగింది. ఇంట్లో కారు లేని వారిలో ఈ పెరుగుదల మరింత ఎక్కువ. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

లండన్ శివారు ప్రాంతాల్లో సైకిల్ బాటలతో పాటు కాలనీ వీధుల్లో మోటారు వాహనాల రాకపోకలను తగ్గించినప్పుడు, మార్పులు ఎక్కువగా జరిగిన వీధుల నివాసితులు ఏడాది తిరిగేసరికి వారానికి 41 నిమిషాలు అదనంగా నడిచారు, తొక్కారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తరువాత కొద్ది ఏళ్లలోనే ముక్కలు ముక్కలుగా కాక ఊరంతా కలిసే బాటల వల వేసింది. అక్కడ రోజువారీ సైకిల్ ప్రయాణాలు అనేక రెట్లు పెరిగాయి.

ఈ అనుభవాల నుంచి మూడు విషయాలు తేటపడుతున్నాయి. ఇంటికి దగ్గరగా ఉండాలి. మధ్యలో తెగకూడదు. ఫలితానికి కనీసం రెండేళ్లు ఓపిక పట్టాలి.

హైదరాబాద్, వరంగల్ అడుగులు

మన రాష్ట్రంలో ఈ దిశగా పెద్ద ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 23 కిలోమీటర్ల పొడవున, 4.5 మీటర్ల వెడల్పుతో సైకిల్ బాట నిర్మించి 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైకప్పుగా పరిచిన సౌర ఫలకాల విద్యుత్ సామర్థ్యం 16 మెగావాట్లు. నీడ, విద్యుత్తు ఒకేసారి లభించే ఈ ఆలోచన దేశంలో పలువురి దృష్టిని ఆకర్షించింది.

అయితే అది వేగ రహదారి పక్కన సాగే బాట. వారాంతంలో వ్యాయామానికి వచ్చేవారికి అది గొప్ప సదుపాయం. ఇంటి నుంచి బడికో, కూరగాయల బజారుకో వెళ్లేవారికి దాని ప్రయోజనం పరిమితం. ఇది ఆ నిర్మాణంలోని లోపం కాదు, దాని స్వభావం.

వరంగల్ మరో దారి ఎంచుకుంది. కరోనా కాలంలో, 2020లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ నగరాల మధ్య సైకిల్ పోటీని ప్రకటించింది. వందకు పైగా నగరాలు పేర్లు నమోదు చేసుకున్నాయి. ఊళ్లోని వీధుల్లోనే తాత్కాలిక బాటలు గుర్తించి, జనం అభిప్రాయం తెలుసుకుని, పనికొచ్చిన వాటిని నిలుపుకోవడం ఈ పోటీ ఉద్దేశం. చివరికి విజేతలుగా నిలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. సిద్దిపేటకు అంత దూరం కాని నగరం ఇది.

సిద్దిపేటకు ఉన్న వీలు

ఈ విషయంలో చిన్న పట్టణాలకు మహానగరాలకు లేని వీలు ఉంది. లక్షకు పైబడిన జనాభా ఉన్నా సిద్దిపేటలో ఒక పేట నుంచి మరో పేటకు దూరం కొద్ది కిలోమీటర్లే. బజారు, బస్టాండు, బడులు, బ్యాంకులు సైకిల్ దూరంలోనే ఉన్నాయి. రెండు దశాబ్దాల క్రితం వరకు గంటల లెక్కన సైకిళ్లు కిరాయికి ఇచ్చే దుకాణాలు తెలంగాణ పట్టణాల్లో వీధి వీధినా ఉండేవి. సైకిల్ ఇక్కడ కొత్తగా నేర్పవలసిన అలవాటు కాదు, మళ్లీ గుర్తు చేయవలసినది.

మిషన్ కాకతీయ కింద మినీ ట్యాంక్‌బండ్‌గా రూపుదిద్దుకున్న కోమటి చెరువు పట్టణవాసులకు నడిచే అలవాటు నేర్పింది. సాయంత్రం వేళ కుటుంబాలతో సహా జనం అక్కడికి చేరడం జిల్లాలో అందరికీ తెలిసిన దృశ్యమే. మంచి చోటు కల్పిస్తే జనం ఇల్లు దాటి వస్తారని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. అయితే కట్టకు నడకకు వచ్చేవారిలో కొందరు మోటారు సైకిల్‌పై వస్తారన్నదీ వాస్తవమే. ఇంటి నుంచి కట్ట వరకు నిశ్చింతగా సైకిల్‌పై రాగలిగితే ఆ ప్రయాణమే సగం వ్యాయామం అవుతుంది.

2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయ్యాక పట్టణ స్వరూపం మారింది. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2021 జూన్‌లో దుద్దెడ వద్ద సమీకృత కలెక్టరేట్ ప్రారంభమైంది. 2023 అక్టోబరులో సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. కొత్త సంస్థలు పట్టణ శివార్లకు, ఆ పైకి జరిగే కొద్దీ నడక దూరం సైకిల్ దూరమైంది, సైకిల్ దూరం మోటారు బండి దూరమైంది. అభివృద్ధితో పాటు వచ్చే ఈ మార్పు ఎవరూ కోరుకున్నది కాదు. కానీ ఒకసారి ఇంటింటా మోటారు బండి అలవాటయ్యాక వెనక్కి మళ్లించడం కష్టం. కొత్త రోడ్డు వేసే రోజే పక్కన సైకిల్‌కు చోటు విడిచిపెట్టడం తేలిక, ఇళ్లు, దుకాణాలు లేచాక స్థలం వెతకడం అసాధ్యం.

భయమే అసలు అడ్డంకి

సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి సాగుతుంది. మెదక్ నుంచి ఎల్కతుర్తి వెళ్లే జాతీయ రహదారి కూడా ఇక్కడి నుంచే వెళుతుంది. ఈ రహదారులు జిల్లాకు వర్తక, ప్రయాణ సదుపాయాలు తెచ్చిపెట్టాయి. అదే సమయంలో వాటిని దాటవలసిన ప్రతి కూడలీ సైకిల్‌దారుకు పరీక్షగా మారింది. పిల్లలను సైకిల్‌పై బడికి పంపడానికి తల్లిదండ్రులు జంకడానికి కారణం బద్ధకం కాదు, భయం.

ఆ భయానికి ఆధారం ఉంది. రోడ్డుపై వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వేగం తగ్గించడమూ సైకిల్ సదుపాయమే. కాలనీ వీధుల్లో ఖరీదైన బాటలు అవసరం లేదు. బడుల దగ్గర వేగ నిరోధకాలు, కూడళ్లలో ఆగి దాటేందుకు మధ్యలో దిమ్మె, రాత్రి వేళ వెలుతురు ఉంటే చాలు. పెద్ద రహదారులపై మాత్రం తెల్ల గీత సరిపోదు. గీత మీదికి లారీ వస్తుంది, దిమ్మె మీదికి రాదు. గీసిన చోట కార్లు, తోపుడు బండ్లు నిలిపితే సైకిల్‌దారు మళ్లీ రోడ్డు మధ్యకే రావలసి వస్తుంది.

సైకిల్ బాటల రూపకల్పనకు భారత రోడ్ల కాంగ్రెస్ 2015లో సవరించిన మార్గదర్శకాలు ఉన్నాయి. రోడ్లను వాహనాల కోసం కాక మనుషుల కోసం తీర్చిదిద్దాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. నియమాలు కాగితం మీద కొరవడలేదు.

ఎండ, పొగల మాటేమిటి?

వేసవిలో ఇక్కడి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఈ వాస్తవాన్ని విస్మరించి వేసిన బాట ఏప్రిల్, మే నెలల్లో బోసిపోతుంది. అయితే బడులు, కార్యాలయాలకు వెళ్లేది పొద్దున, తిరిగి వచ్చేది సాయంత్రం. ఆ వేళల్లో నీడ అందేలా చెట్లు పెంచితే వేడి చాలా వరకు తగ్గుతుంది. వేప, కానుగ వంటి చెట్లు మన నేలకు అలవాటైనవే. దారిలో అక్కడక్కడ తాగునీరు ఉంటే మరీ మంచిది.

వాహనాల పొగ మధ్య తొక్కితే మేలు కంటే కీడే ఎక్కువ కాదా అని అడిగేవారూ ఉన్నారు. ఈ లెక్కను 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వేశారు. కాలుష్యానికి పేరుమోసిన ఢిల్లీలో సైతం వారానికి 5 గంటలు దాటి తొక్కితే తప్ప హాని మేలును మించదని తేల్చారు. రద్దీ రోడ్డు నుంచి కాస్త ఎడంగా బాట ఉంటే పీల్చే పొగ కూడా తగ్గుతుంది.

ఆడపిల్లలకు బాట.. చదువుకు బాసట

సైకిల్ సదుపాయం ఎవరికి దక్కుతుందన్నది కూడా ముఖ్యమే. శారీరక శ్రమ లోపం మహిళల్లోనే ఎక్కువన్నది ముందే చూశాం. యుక్త వయసుకు రాగానే ఆడపిల్ల ఆట ఆగుతుంది, చాలా ఇళ్లలో సైకిల్ కూడా ఆగుతుంది. దీన్ని మార్చవచ్చని పొరుగు అనుభవాలు చెబుతున్నాయి. 1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేలాది మంది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. బిహార్ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చింది. దానివల్ల ఉన్నత పాఠశాలలో ఆ వయసు బాలికల చేరిక 32 శాతం పెరిగిందని, బడి 3 కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలో ఎక్కువ ఫలితం కనిపించిందని ఆర్థికవేత్తలు తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ బడికొస్తా పేరుతో 2017లో బాలికలకు సైకిళ్లు అందజేశారు.

సైకిల్ ఇవ్వడం మొదటి మెట్టు. అది ఇంటి ముందు తుప్పు పట్టకుండా ఉండాలంటే వెలుతురున్న, జనసంచారమున్న, భయం లేని దారి కావాలి. ఒంటరిగా వెళ్లే బాలికకు చెట్ల చాటున సాగే నిర్జన బాట కంటే దుకాణాల ముందు సాగే బాటే నయం. రూపకల్పన సమయంలో ఆ బాలికల మాట వినకపోతే బాట సగం మందికే పరిమితమవుతుంది.

లెక్కించకుంటే తేలదు

కొత్త బాటతో ఆరోగ్యం మెరుగుపడిందో లేదో ఆర్భాటపు ప్రారంభోత్సవం చెప్పదు. బాట వేయక ముందు లెక్క ఉంటేనే తరువాత మార్పు తెలుస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. ముఖ్యమైన కూడళ్లలో పొద్దున, సాయంత్రం గంట చొప్పున ఎన్ని సైకిళ్లు వెళుతున్నాయి, వాటిలో మహిళలు, పిల్లలు ఎందరు అన్నది కళాశాల విద్యార్థులు సైతం లెక్కించగలరు. ఏ బడిలో ఎంత మంది సైకిల్‌పై వస్తున్నారన్నది ఉపాధ్యాయులు ఒక్క రోజులో చెప్పగలరు. పట్టణంలోనే వైద్య కళాశాల ఉంది. బాటకు దగ్గరగా, దూరంగా నివసించే కుటుంబాల రక్తపోటు, నడుము కొలత, వారపు నడక సమయాన్ని ఏటా నమోదు చేస్తే రెండేళ్లకు స్పష్టమైన సమాధానం చేతికి వస్తుంది. ఆ సమాధానం సిద్దిపేటకే కాక, అదే స్థాయి ఉన్న ప్రతి పట్టణానికీ పనికొస్తుంది.

సైకిల్ ఎక్కే ముందు

చాలా కాలం తరువాత సైకిల్ ఎక్కేవారు కొన్ని జాగ్రత్తలు పాటించడం మంచిది.

- మొదటి వారం రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి.
- పెడల్ కింది వరకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తు సరిచేయించుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పెడతాయి.
- చక్కెర వ్యాధికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కరాదు. వణుకు, చెమటలు వస్తే వెంటనే తినేందుకు చక్కెర బిళ్లలో, బెల్లం ముక్కో జేబులో ఉంచుకోవాలి.
- గుండె జబ్బు ఉన్నవారు, ఛాతీలో బరువు, ఆయాసం అనిపించేవారు వైద్యుల సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి.
- చీకట్లో తొక్కేవారికి ముందు దీపం, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్, తలకు హెల్మెట్ తప్పనిసరి. బ్రేకులు, చక్రాల్లో గాలి వారానికోసారి చూసుకోవాలి.

పట్టణవాసులు చేయగలిగింది ఇంతవరకే. మిగిలింది రోడ్డు వేసేవారి చేతుల్లో ఉంది. సిద్దిపేటలో చెరువు కట్ట వరకు జనం వచ్చారు. ఆ కట్ట నుంచి బడి గేటు వరకు, బజారు వరకు, రైల్వే స్టేషన్ వరకు తెగకుండా దారి సాగినప్పుడే పొద్దున కట్టపై తొక్కే ఉద్యోగికి, వీపున సంచితో రోడ్డు అంచున వెళ్లే విద్యార్థికి ఒకే రక్షణ, ఒకే ఆరోగ్యం దక్కుతాయి.